వార్షిక నివేదిక 2024–25: అత్త మీద కోపం, దుత్త మీద

సభ్యులందరికీ నమస్కారం.

మన అపార్ట్‌మెంట్ సంఘం వార్షిక నివేదిక అనగానే లిఫ్టుల నిర్వహణ కాంట్రాక్టు, జనరేటర్ డీజిల్, సెల్లార్‌లో వాననీళ్లు, వినాయక చవితి పందిరి ఖర్చు గుర్తుకొస్తాయి. ఈ ఏడాదీ అవన్నీ ఉన్నాయి. ఆడిట్ అయిన లెక్కలు కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు, నోటీసు బోర్డు మీద కూడా అంటించాం. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు కార్యవర్గానికి ఎక్కువ సమయం పట్టిన పని మాత్రం ఇంకోటి ఉంది. దాని గురించే ఈ నివేదిక.

జూన్‌లో ఒక రాత్రి పదకొండున్నరకి మన సభ్యులొకరు ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆయన పార్కింగ్‌లో ఎవరి చుట్టాల కారో ఉంది. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న గార్డుని సెల్లార్‌లోకి పిలిచి ఇరవై నిమిషాలు తిట్టారు. గార్డుకి యాభై దాటాయి. మర్నాడు పొద్దున ఆయన ఐడీ కార్డు టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. జనవరి నుంచి అలా వెళ్లిపోయిన వాళ్లలో ఆయన నాలుగోవాడు. కొత్త మనిషిని పంపమని ఏజెన్సీకి ఫోన్ చేస్తే, "మీ సైటు పేరు చెప్తే ఎవరూ రామంటున్నారు సార్" అన్నారు. మియాపూర్ మెట్రోకి దగ్గర, మంజీరా నీళ్లు, రెండు లిఫ్టులు అని మనం గొప్పగా చెప్పుకునే చోటుకి బయట ఉన్న పేరు ఇది.

తిట్టిన సభ్యులు నాలుగు రోజుల తర్వాత తనంతట తనే కార్యవర్గం ముందుకొచ్చారు. ఆ రోజు ఆఫీసులో రివ్యూ మీటింగ్‌లో ఎనిమిదిమంది ముందు, తనది కాని తప్పుకి మేనేజర్ తనని నిలబెట్టి మాట్లాడాడట. "ఆయన్ని ఒక్క మాట అనలేకపోయాను. ఇంటికొచ్చి ఈయన్ని అన్నాను" అన్నారు. ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం రాయను. అత్త మీద కోపం దుత్త మీద అని మనవాళ్లు అంటారు కదా, ఆ రాత్రి మన సెల్లార్‌లో పగిలింది ఆ దుత్తే.

దీనికి ఏం చేద్దామని కూర్చుంటే మొదట వచ్చిన సలహా మోటివేషనల్ స్పీకర్‌ని పిలవడం. ఒకరు కొటేషన్ కూడా తెచ్చారు, రెండు గంటలకి ఇరవై ఐదు వేలు. బ్యాంకులో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు అప్పటిదాకా వింటూ కూర్చుని, "మా బ్రాంచికీ ఏడాదికోసారి పిలిచేవాళ్లు. రెండు గంటలు చప్పట్లు కొట్టి, మూడో గంటకి మళ్లీ టార్గెట్ల షీటు ముందు కూర్చునేవాళ్లం" అన్నారు. స్పీకర్ ఆలోచన అక్కడితో ఆగింది. ఆ డబ్బు ఎటు పోయిందో కింద చెబుతాను.

బదులుగా నెలకోసారి, ఆదివారం సాయంత్రం, కమ్యూనిటీ హాల్లో టీ పెట్టాం. ఆఫీసు గురించి మాట్లాడుకోవచ్చు, కంపెనీ పేరు గానీ పై అధికారి పేరు గానీ ఎత్తకూడదు. అంతకు మించి నియమాలేం లేవు. మొదటి రెండు నెలలూ అది వట్టి ఏడుపుల సభ. నిజం చెప్పాలంటే ఇంటికెళ్లేటప్పుడు మనసు తేలిక కాలేదు సరికదా, పక్కవాళ్ల టెన్షన్ కూడా మోసుకెళ్లాం. మూడో నెల ఒక సభ్యురాలు ప్రశ్న మార్చారు. "మీ ఆఫీసులో ఏం బాగాలేదు అని కాదు, ఏ ఒక్కటి మారితే సోమవారం పొద్దున లేవబుద్ధేస్తుంది?" అని అడిగారు.

జవాబులు ఆశ్చర్యంగా చిన్నవి. ఆదివారం వాట్సాప్‌లో ఇన్సూరెన్స్ టార్గెట్ మెసేజ్ రాకపోతే చాలని బ్యాంకు ఉద్యోగి. తప్పు ఉంటే గదిలోకి పిలిచి చెప్పండి, స్టాఫ్ రూమ్‌లో అందరి ముందు కాదని కాలేజీ లెక్చరర్. అమెరికా టీమ్‌తో రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి కాల్ ఉండే ఒకాయన, నవంబర్‌లో అక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పగానే అదే కాల్ ఇక్కడ పదిన్నరకి జరుగుతుందనీ, శుక్రవారం ఒక్కరోజైనా అది లేకపోతే పిల్లతో కలిసి అన్నం తింటాననీ చెప్పారు. మేనేజర్‌ని అడిగారా అంటే లేదన్నారు. మేమందరం తోస్తే డిసెంబర్‌లో అడిగారు. ఒప్పుకున్నారు. అంతే! రెండేళ్లుగా లోలోపల రగిలిన విషయం ఒక్క మెయిల్‌తో తేలింది. అందరికీ అలా తేలలేదు లెండి. అడిగినందుకు "నీకు కమిట్‌మెంట్ లేదు" అనిపించుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకరు ఉద్యోగమే మారారు, ఆ సంస్థలో ఉండి సర్దుకోమని మాలో ఎవరూ చెప్పలేదు.

చాటుమాటల గురించి ఒక సాయంత్రమంతా మాట్లాడుకున్నాం. ఎవరైనా మూడో మనిషి మీద చాడీ మోసుకొస్తే "ఈ మాట ఆయనతో చెప్పావా?" అని అడగడం మొదలుపెట్టానని ఒకాయన చెప్పారు. ఫలితం ఎలా ఉందంటే, "బాగుంది, కాకపోతే నాతో టీకి ఎవరూ రావట్లేదు" అన్నారు.

మనలో ఒకరు ఎంబీఏ పిల్లలకి మానవ వనరుల పాఠం చెబుతారు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త గురించి చెప్పారు. 1950ల్లో పిట్స్‌బర్గ్ ప్రాంతంలో దాదాపు రెండు వందలమంది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ కూర్చోబెట్టి, పనిలో మీకు బాగా సంతోషం వేసిందెప్పుడు, బాగా విసుగు పుట్టిందెప్పుడు అని అడిగి, 1959లో ఆ ఫలితాలు వేశారట. తేలింది ఏమంటే ఆ రెంటి కారణాలూ ఒకటి కావు. జీతం, గది, పైవాడి తీరు, నియమాలు బాగాలేకపోతే మనిషికి చిరాకు. అవి బాగుచేస్తే చిరాకు పోతుంది గానీ సంతోషం దానంతటది రాదు. సంతోషం వచ్చేది చేసిన పని ఫలించినప్పుడు, దాన్ని ఎవరైనా గుర్తించినప్పుడు, బాధ్యత అప్పగించినప్పుడు. తర్వాతివాళ్లు దీన్ని చాలా విమర్శించారని కూడా ఆవిడే చెప్పారు. నాకు మాత్రం అది వింటుంటే మన గేటు పక్క గార్డు గది కళ్ల ముందు మెదిలింది.

ఎందుకంటే ఆ హాల్లో మేం పైవాళ్ల గురించి చెప్పుకున్న ప్రతి మాటా మన స్టాఫ్ మన గురించి చెప్పగలరు. అందరి ముందు తిట్టడం, సెలవు అడిగితే మొహం మాడ్చుకోవడం, పేరు పెట్టి పిలవకపోవడం. ఇక్కడ మనమే మేనేజ్‌మెంట్. గార్డులు, హౌస్‌కీపింగ్ వాళ్లు, ప్లంబర్, మోటార్లు చూసే ఆపరేటర్, అంతా కలిపి పదకొండు మంది. ఇది వాళ్ల ఆఫీసు.

సెప్టెంబర్‌లో నేనూ, కోశాధికారి గారూ గార్డు గదిలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాం. ఫ్యాన్ తిరగదు. బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, హౌస్‌కీపింగ్ ఆడవాళ్లు వాడేదీ అదే. గేటు దగ్గర కుర్చీ లేదు. ఎందుకు లేదని పాత మినిట్స్ తిరగేస్తే, "కూర్చుంటే నిద్రపోతారు" అని మూడేళ్ల కిందట కార్యవర్గమే తీయించింది. అప్పటి కార్యవర్గంలో నేనూ ఉన్నాను. దుకాణాల్లో పనిచేసేవాళ్లు కూర్చునే హక్కు కోసం 2018లో కేరళ, 2021లో తమిళనాడు చట్టాలే సవరించుకున్నాయి. మనం పన్నెండు గంటల డ్యూటీ మనిషికి ఒక ప్లాస్టిక్ కుర్చీ ఇవ్వలేదు.

స్పీకర్‌కి అనుకున్న ఇరవై ఐదు వేలకి ఇంకో పదకొండు వేలు కలిపి ఫ్యాన్, రెండు కుర్చీలు, ఆడవాళ్లకి విడిగా గడియ ఉన్న బాత్రూమ్, అన్నం వేడి చేసుకోవడానికి ఒక పాత ఓవెన్ పెట్టించాం. ఓవెన్ ఇచ్చింది సభ్యులొకరు, బాగు చేయించిన ఖర్చు మాత్రం సంఘానిది.

ఇంతకంటే పెద్ద సంగతి జీతాల స్లిప్పుల్లో బయటపడింది. ఉద్యోగుల వైద్య బీమా అయిన ఈఎస్ఐ కింద జీతంలో ఉద్యోగి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. నెల జీతం 21 వేలు దాటనివాళ్లకి వర్తిస్తుంది. పాత ఏజెన్సీ మన బిల్లులో ఆ మొత్తం చూపించి వసూలు చేసుకుంటోంది, మనుషుల జీతంలోంచి కూడా కోస్తోంది, ఇద్దరికి మాత్రం ఈఎస్ఐ నంబరే లేదు. అడిగితే ఇదిగో అదిగో అని రెండు నెలలు తిప్పారు. నవంబర్‌లో ఏజెన్సీని మార్చాం. కొత్త ఒప్పందంలో ప్రైవేట్ సెక్యూరిటీ చట్టం కింద లైసెన్సు కాపీ, ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు ఇస్తేనే బిల్లు చెల్లింపు అని రాయించాం. ఏడో తారీఖులోపు జీతం పడాలి. జనవరిలో ఒక గార్డు భార్యని సనత్‌నగర్ ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్లాడు, కార్డు పనిచేసింది. దీనివల్ల మెయింటెనెన్స్ కొంచెం పెరిగింది. ఎందుకు పెరిగిందని అడిగిన సభ్యులకి ఇదే జవాబు.

వాట్సాప్ గ్రూపు సంగతి. స్టాఫ్ ఫొటో తీసి "చూడండి ఎలా కూర్చున్నాడో" అని పెట్టడం అక్టోబర్ నుంచి నిషేధం. ఫిర్యాదు ఉంటే ఆఫీసులో రిజిస్టర్‌లో రాయాలి, సూపర్‌వైజర్ ఆ మనిషిని పక్కకి పిలిచి మాట్లాడతారు. దీనిమీద గ్రూపులోనే మూడు రోజులు గొడవ జరిగింది. ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. ఒకరు తిరిగొచ్చారు.

రిజిస్టర్ పెట్టాక ఫిర్యాదులు తగ్గలేదు, పెరిగాయి. కార్యవర్గం కంగారు పడింది. అప్పుడు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా ఉన్న మన సభ్యురాలు ఒక పరిశోధన గురించి చెప్పారు. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు పరిశీలిస్తే, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయట. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, భయం లేక చెప్పుకోబట్టి. మాకు ఫిబ్రవరిలో అర్థమైంది. సంపు మోటార్ కట్టేయకుండా రాత్రంతా వదిలేశానని ఆపరేటర్ పొద్దున ఆరింటికే వచ్చి తనే రాయించాడు. మోటార్ వేడెక్కింది గానీ కాలలేదు, రెండు వేల రిపేరుతో పోయింది. 2023లో ఇదే జరిగినప్పుడు ఎవరూ నోరు విప్పలేదు, వైండింగ్ మొత్తం కొత్తది వేయించాల్సి వచ్చింది.

కుదరని పనులు కూడా చెప్పాలి. లాఫింగ్ క్లబ్ మూడు వారాలు నడిచింది, నాలుగో వారం నేనొక్కడినే వెళ్లాను. ఒక్కడినే నవ్వితే బాగుండదని వచ్చేశాను. సలహాల పెట్టెలో ఏడాదికి మూడు కాగితాలు పడ్డాయి, అందులో ఒకటి సూపర్‌మార్కెట్ బిల్లు. "ఈ నెల ఉత్తమ గార్డు" బహుమతి పెడితే మిగతావాళ్లు అలిగారు, మార్చిలో ఆపేశాం. దానికన్నా పిల్లలు గార్డుల పేర్లు నేర్చుకుని "ఏయ్ సెక్యూరిటీ" మానేసి పేరు చివర అంకుల్ అనో, తాతయ్య అనో పిలవడం ఎక్కువ పనిచేసింది. పెద్దవాళ్లకి ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు.

ఆదివారం టీకి వచ్చినవాళ్లలో కొందరి బాధ టీతో తీరేది కాదు. పని ఒత్తిడి ఏళ్ల తరబడి సాగి, మనిషి డస్సిపోయి, పనంటేనే విరక్తి పుట్టి, ఏం చేసినా చేతకాలేదనిపించే స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్న్‌అవుట్ పేరుతో తన కొత్త వ్యాధుల వర్గీకరణలో చేర్చింది. జబ్బుగా కాదు, ఉద్యోగంతో ముడిపడిన పరిస్థితిగా. అంటే సెలవు పెట్టి నిద్రపోయినంత మాత్రాన సర్దుకునేది కాదు, పనిలోనూ ఏదో మారాలి. అలాంటివాళ్ల కోసం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 లిఫ్టుల దగ్గర అంటించాం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. గార్డు గదిలోనూ అదే కాగితం అంటించాం.

దాని పక్కనే ఇంకో కాగితం ఉంది. పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013. పదిమంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న చోట ఇలాంటి ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని మన ఆఫీసులవల్ల అందరికీ తెలుసు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లకీ ఆ చట్టం వర్తిస్తుందనీ, వాళ్లు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లవచ్చనీ తెలిసినవాళ్లు మా కార్యవర్గంలో ఒక్కరే.

చివరిగా, తేలని అంశం. ఇళ్లలో పనిచేసేవాళ్లు రెండో లిఫ్టే వాడాలని మన గేటు లోపల ఇంకా బోర్డు ఉంది. అది పొద్దున ఎనిమిదింటికి రిపేరులో ఉంటే వాళ్లు తొమ్మిదో అంతస్తుకి మెట్లెక్కి వస్తున్నారు. తీసేయాలని కార్యవర్గంలో నలుగురు, ఉంచాలని ముగ్గురు. ఇంత తేడాతో నిర్ణయం తీసుకోవడం ఇష్టం లేక సర్వసభ్య సమావేశానికి వదిలాం. ఎజెండాలో నాలుగో అంశం అది. నా ఓటు తీసేయడానికే, దాచుకోవాల్సిందేమీ లేదు. ఊళ్లో ఉండనివాళ్లు తమ ప్రాక్సీ పత్రాలు సమావేశానికి ముందు రోజు సాయంత్రంలోగా ఆఫీసులో ఇవ్వండి. గార్డు చేతికి ఇచ్చి పంపకండి, వాళ్లకి గేటు పని ఉంది.

ఇట్లు,
కార్యదర్శి