ఎల్‌డీఎల్ కొలిచారా, లెక్క కట్టారా?

సంపాదకుల వారికి నమస్కారం.

మాది రాజాం. రైస్ మిల్లులో 31 ఏళ్లు గుమస్తాగా పనిచేసి మానేశాను. 2022లో మా ఊరు శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది గానీ, నేను చెప్పబోయే ల్యాబ్ రిపోర్టు మీద ఇంకా శ్రీకాకుళం జిల్లా అనే ఉంది. అది చిన్న తప్పు, పోనీయండి. నా గోల వేరు.

సిరిమాను సంబరానికి విజయనగరంలో అమ్మాయి ఇంటికి వెళ్లాను. మంగళవారం సాయంత్రం సిరిమాను చూసి, చుట్టాలందరూ చేరి, విస్తళ్ల ముందు కూర్చునేసరికి రాత్రి పదకొండు. గారెలు, మాంసం, ఆపైన బూరెలు. అల్లుడు గారితో కూర్చుని ఇంకేం పుచ్చుకున్నానో పేపర్లో రాయలేను. బుధవారం పొద్దున్నే కాంప్లెక్స్‌లో టీ తాగి బస్సెక్కాను. రాజాంలో దిగి అటునుంచటే ల్యాబ్‌కి పోయాను. బీపీ మాత్రలు రాసే డాక్టరు గారు ఎప్పటినుంచో లిపిడ్ ప్రొఫైల్, అంటే రక్తంలో కొవ్వుల పరీక్ష, చేయించుకోమంటున్నారు. ‘టిఫిన్ చెయ్యలేదు కదండీ?’ అని అడిగారు. లేదన్నాను. అబద్ధమేం కాదు. రక్తం తీసేశారు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. మొత్తం కొలెస్ట్రాల్ 218. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 36. ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు 480. ఆ కొవ్వుని మోసే వీఎల్‌డీఎల్ 96. చెడ్డదనే ఎల్‌డీఎల్ 86. మిగతా వాటి పక్కన తేడా ఉందని చుక్కలున్నాయి, 86 పక్కన లేదు. వంద లోపుంటే మంచిదని అందులోనే రాసుంది. అసలు భయపడాల్సింది దానికే కదా, అది బాగుందంటే చాలనుకుని ఆ రాత్రి నిశ్చింతగా పడుకున్నాను.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివిన మేనకోడలికి ఆ కాగితం ఫోన్లో పంపితే వెంటనే ఫోన్ చేసింది. ‘మావయ్యా, ఈ 86 కొలిచింది కాదు, లెక్క కట్టింది. నువ్వే తీసేసి చూడు’ అంది. కాగితం తీసుకున్నాను. 480ని అయిదుతో భాగిస్తే 96, అదే వీఎల్‌డీఎల్. 218లోంచి 36, 96 తీసేస్తే 86. పైసా తేడా లేదు!

ఇది 1972లో అమెరికాలో ఫ్రీడ్‌వాల్డ్ అనే ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు ఇచ్చిన సూత్రమట. ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవడం అప్పట్లో పెద్ద యంత్రంతో, ఖర్చుతో కూడిన పని. అందుకని ఈ దగ్గరిదారి. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క పనికిరాదని వాళ్లే చెప్పారు. మిల్లులో మేం బస్తాకి ఇంత అని తేమ తరుగు తీసేవాళ్లం. మామూలు ధాన్యానికి అది సరిపోయేది. వానలో తడిసిన లోడు వస్తే అదే తరుగు తీస్తామా? నా రక్తం ఆ పొద్దున తడిసిన లోడు. ఎక్కువ తీసేశారు, ఎల్‌డీఎల్ తక్కువ కనబడింది.

టీ తాగిన సంగతి, రాత్రి పదకొండుకి తిన్న సంగతి చెప్పకపోవడం నా తప్పే. అసలు పరగడుపుతోనే రావాలని ఇప్పుడు అందరూ పట్టుబట్టడం లేదు కూడా. మామూలుగా చేయించుకునే పరీక్షకి ఉపవాసం అక్కర్లేదని యూరప్ నిపుణుల సంఘాలు 2016లోనే చెప్పాయి. తిన్నాక మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు, ట్రైగ్లిజరైడ్సే పెరుగుతాయి. అవి బాగా ఎక్కువొస్తే పరగడుపున మళ్లీ చేయాలి. నాకు ఆ మాట ఎవరూ చెప్పలేదు.

డాక్టరు గారు 86 వైపు చూడనే లేదు. 218లోంచి 36 తీసేసి 182 అని రాసి, ‘మంచిది పోగా మిగిలిందంతా ఇది, 130 లోపు ఉండాలి’ అన్నారు. వారం పోయాక, పన్నెండు గంటలు పచ్చి మంచినీళ్లతో ఉండి మళ్లీ ఇచ్చాను. మొత్తం 222, హెచ్‌డీఎల్ 37, ట్రైగ్లిజరైడ్స్ 265, ఎల్‌డీఎల్ 132. మాత్ర మొదలుపెట్టారు.

ల్యాబుల వాళ్లని నేను కోరేది పెద్దదేమీ కాదు. ఎల్‌డీఎల్ పక్కన ‘కొలిచినది’ అనో ‘లెక్క కట్టినది’ అనో తెలుగులో ఒక్క మాట వేయండి. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఆ గడి ఖాళీగా వదిలేయండి, లేదా నేరుగా కొలిచే పరీక్ష ఉందని, దానికి ఇంతవుతుందని చెప్పండి. ఆఖరుసారి ఎన్నింటికి తిన్నారో అడిగి రాయండి. కాటా వేయని లోడు పక్కన ‘ఉజ్జాయింపు’ అని రాయకపోతే మా షావుకారు చిట్టా విసిరికొట్టేవారు. చోటు లేదనడానికి వీల్లేదు. నా రిపోర్టు అడుగున నాలుగు వేళ్ల మందాన ఫుల్ బాడీ చెకప్ ఆఫర్ అచ్చువేశారు.

రెండో రిపోర్టు మీద నేనే పెన్నుతో రాసుకున్నాను: ‘రాత్రి 7 గంటలకు భోజనం. టీ లేదు. ఎల్‌డీఎల్ ఉజ్జాయింపు.’

– ఒక విశ్రాంత గుమస్తా, రాజాం, విజయనగరం జిల్లా