ఆ జ్వరం గురించి అడిగావు కదా

అమ్మలూ,

నీకొచ్చింది మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్), అంటే ఒంటి రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే జబ్బు అని తెలిసినప్పటి నుంచి ఒకటే మాట అడుగుతున్నావు, కాలేజీలో నిన్ను వారాల తరబడి మంచాన పడేసిన ఆ జ్వరమే దీన్ని తెచ్చిందా అని. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతాను, అందుకే రాస్తున్నాను.

సంబంధం ఉందనే అనుకోవాలి. అప్పుడు నీకు సోకింది ఎప్‌స్టీన్-బార్ వైరస్. అమెరికా సైన్యంలో కోటి మందికి పైగా రికార్డులు చూసి, ఎంఎస్ వచ్చినవాళ్ల పాత రక్త నమూనాలు పరీక్షించారు. ఈ వైరస్ సోకాక ముప్పు 32 రెట్లు పెరిగిందని 2022లో ప్రకటించారు. ఇలాగే ఉమ్మి ద్వారా సోకే మరో వైరస్‌తో అలా పెరగలేదు.

ఎలా అంటావా? వైరస్‌లోని ఒక ప్రోటీన్ ముక్కకీ, మెదడులోని ఒక ప్రోటీన్ ముక్కకీ పోలిక ఉంది. దొంగ పోలికలున్నాడని అమాయకుణ్ణి పట్టుకున్నట్టు, వైరస్ కోసం తయారైన యాంటీబాడీలు కొందరిలో సొంత నరాల మీద పడతాయి. రుమాటిక్ జ్వరంలోనూ ఇంతే. గొంతులో స్ట్రెప్ బ్యాక్టీరియా చేరితే, రెండు మూడు వారాల తర్వాత దెబ్బ గుండె కవాటాలకు తగులుతుంది. కాకపోతే అక్కడ వేళకు పెన్సిలిన్ ఇస్తే ఆపొచ్చు. నీ వైరస్‌కి అలాంటి మందూ లేదు, టీకా కూడా ఇంకా రాలేదు. అప్పుడు ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటే అన్న ఆలోచన వదిలెయ్.

ఎవరి గ్లాసులో తాగానో అని కూడా వెతకొద్దు. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్ ఒంట్లోనే ఉంటుంది. నాకూ ఉండే ఉంటుంది. వాళ్లలో ఎంఎస్ వచ్చేది ఏ కొద్దిమందికో. జన్యువులు, ఇంకా కొన్ని కారణాలు తోడవ్వాలి.

అత్తయ్య పంపిన ఇమ్యూనిటీ పొడి మాత్రం పక్కన పెట్టు. ఇది ఇమ్యూనిటీ తగ్గి వచ్చింది కాదు, దారి తప్పి వచ్చింది. ఆవిడకి నేను చెబుతాలే.

ఆ వైరస్ జీవితాంతం దాక్కునేది బి-కణాల్లో, అంటే యాంటీబాడీల తయారీకి మూలమైన తెల్ల రక్తకణాల్లో. నీ న్యూరాలజిస్ట్ చెప్పిన ఇంజెక్షన్ తగ్గించేదీ ఆ కణాలనే. అది మొదలయ్యాక కొన్ని టీకాలు సరిగ్గా పనిచేయవు, కొన్ని అసలు వేయించుకోకూడదు. ముందే ఏవి వేయించుకోవాలో ఈసారి వెళ్లినప్పుడు అడుగు. నీ పాత టీకాల కార్డు బీరువాలో దొరికింది, ఫోటో తీసి పంపిస్తున్నాను.

నాన్న