2024–25 వార్షిక నివేదిక: ఫోన్లో పలకరింపు, ఇంటికెళ్ళి పరామర్శ

సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి సభ్యులకు, యవ్వనస్తులకు, దూరదేశాల నుంచి ఈ సమావేశాన్ని వింటున్న మన బిడ్డలకు ప్రభువు నామంలో వందనాలు.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘంలో జరిగిన పనుల నివేదికను పాస్టరేట్ కమిటీ తరఫున మీ ముందు ఉంచుతున్నాను. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. పోయిన వార్షిక సమావేశంలో చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. ఆరాధన ఫోన్లోకి వచ్చాక కొందరు గుడికి రావడం మానేశారు కదా, ఈ లైవ్ ఆపేద్దామా, ఉంచుదామా అని. ఏడాది పొడవునా కమిటీ దీని మీద మాట్లాడుతూనే ఉంది. మన పాస్టరు అయ్యగారితో కూర్చున్నాం, ఇళ్ళకు వెళ్ళి అడిగాం, యవ్వనస్తుల మాట విన్నాం. ఎవరి గడపకు వెళ్ళాలో ఫోన్ మనకు చెబితే అది సంఘానికి మేలు. ఫోన్ ఉంది కదా అని ఆ గడపకు వెళ్ళడం మానేస్తే కీడు. ఈ ఏడాది తీసుకున్న నిర్ణయాలన్నీ ఈ లెక్కతోనే తీసుకున్నాం.

బుడమేరు వరద

ఈ సంవత్సరం గురించి చెప్పాలంటే ముందు సెప్టెంబర్ గురించే చెప్పాలి. ఆగస్టు 31న కురిసిన వానకు మన విజయవాడలో బుడమేరు వాగు పొంగింది. సెప్టెంబర్ 1 ఆదివారం. ఆ రోజే సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం వైపు మనవాళ్ళ ఇళ్ళలోకి నీళ్ళు వచ్చేశాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణకు 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ చూడలేదు. బుడమేరు గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది.

మొదటి కొన్ని గంటలు సంఘం వాట్సాప్ గ్రూపు చేసిన మేలు అంతా ఇంతా కాదు. ఎవరు మేడ మీదకు చేరారు, ఎవరింట్లో పసిబిడ్డకు పాలు లేవు, ఎవరి ఇన్సులిన్ అయిపోయింది, అన్నీ అందులోనే తెలిశాయి. లొకేషన్ పంపిన ఇళ్ళ జాబితాను యవ్వనస్తులు అప్పటికప్పుడు కాగితం మీద రాసుకున్నారు. రాత్రికల్లా కరెంటు లేదు, ఫోన్లలో ఛార్జింగ్ లేదు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఒక్కొక్కరే పలకడం మానేశారు. అక్కడి నుంచి పని చేసింది మన ఏరియా పెద్దల జ్ఞాపకం. ఏళ్ళ తరబడి ఆ ఇళ్ళలో గృహ ప్రార్థనలకు తిరిగినవాళ్ళు వాళ్ళు. ఏ సందులో ఏ కిరాణా కొట్టు వెనక ఎవరుంటారో, కింది వాటాలోనా పై వాటాలోనా, ఇంటివాళ్ళు ఎవరో వాళ్ళకు నోటికి వచ్చు. ఫ్లైఓవర్ దగ్గర పడవలు ఎక్కించేచోట మన పెద్దలు నిలబడి దారి చెబితే, కుర్రాళ్ళు మంచినీళ్ళు, పాల ప్యాకెట్లు, మందులు పట్టుకెళ్ళారు. ఆ వీధిలో ఏ ఇల్లు వచ్చినా ఇచ్చారు. మనవాళ్ళా కాదా అని చూడలేదు.

ఒక ఇంటి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ ఇంట్లో వయసు మళ్ళిన దంపతులు మాత్రమే ఉంటారు. వాళ్ళది బటన్ ఫోన్. గ్రూపులో వాళ్ళ పేరే లేదు కాబట్టి జాబితాలోనూ లేదు. నెలనెలా వాళ్ళింట్లో ప్రార్థన చేసే స్త్రీల మైత్రి అక్కగారు గుర్తుచేసి, “వాళ్ళ సంగతి చూశారా?” అని అడగబట్టే పడవ అటు వెళ్ళింది. ఇద్దరూ క్షేమంగా బయటికి వచ్చారు. దేవునికి స్తోత్రం.

నీళ్ళు తీశాక బురద ఎత్తడానికి ఆదివారం ఆరాధన ముగియగానే అందరం చీపుర్లు, బకెట్లు, బ్లీచింగ్ పౌడర్ పట్టుకుని వెళ్ళాం. తడిసిన సర్టిఫికెట్లు, బైబిళ్ళు, పెళ్ళి ఫోటోలు ఎండబెట్టుకుంటూ కూర్చున్నవాళ్ళ పక్కన ఊరికే కాసేపు కూర్చోవడం కూడా ఆ రోజుల్లో పరిచర్యే. ఆ అనుభవం తర్వాత సంఘంలోని ప్రతి ఇంటి వివరాలతో కాగితపు రిజిస్టర్ తయారుచేశాం. ఏ అంతస్తు, పక్కింటివాళ్ళ నంబరు, మంచం పట్టినవాళ్ళు ఉన్నారా, రోజూ వాడే మందులేమిటి అన్నవి అందులో ఉంటాయి. ఒక ప్రతి చర్చి ఆఫీసులో, ఇంకొకటి ఏరియా పెద్ద దగ్గర.

ఆదివారం లైవ్

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏడాది ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే, 12న ఈస్టర్ ఇళ్ళలోనే చేసుకున్నాం. అయ్యగారు ఫోన్ ముందు నిలబడి వాక్యం చెప్పిన రోజులు మీకందరికీ గుర్తే. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి అనుమతి వచ్చినా మనం లైవ్ ఆపలేదు. ఆపకపోవడం మంచిదే అయింది. కానీ చూస్తున్నవాళ్ళు ఎవరు, ఎందుకు చూస్తున్నారు అని ఈ ఏడాది వరకు ఎవరూ ఇంటింటికీ వెళ్ళి అడగలేదు.

అడిగితే తెలిసింది చాలా ఉంది. కొందరు మంచం దిగలేరు. కొందరు నర్సులు, ఆదివారం డ్యూటీ పడుతుంది. పిల్లలు హైదరాబాద్‌లో, బెంగళూరులో ఉద్యోగాల్లో ఉన్నారు. వీళ్ళకు లైవ్ తీసేయడం అన్యాయం. ఇక ఆరోగ్యంగా ఉండి, చర్చికి దగ్గర్లోనే ఉండి, ఇంట్లో చూస్తున్నవాళ్ళ విషయం. వీళ్ళను మనం బద్ధకస్తులనుకున్నాం. నేరుగా వెళ్ళి కూర్చుంటే వేరే సంగతులు బయటపడ్డాయి. ఒకాయనకు ఉద్యోగం పోయింది, నలుగురి ముఖం చూడటం ఇష్టం లేదు. ఒక కుటుంబానికి పెళ్ళి సంబంధం దగ్గర సంఘంలోని ఇంకో కుటుంబంతో మాట పట్టింపు వచ్చింది. ఒక పెద్దామెను కొడుకు బండి మీద తీసుకొచ్చేవాడు, అతనికి బదిలీ అయింది, ఆటోకు డబ్బులడగడం ఆమెకు నామోషీ. “లైవ్ చూస్తున్నాంలే అయ్యగారూ” అన్న ఒక్క మాట వెనక ఇవన్నీ దాగి ఉన్నాయి. లైవ్ ఆపేస్తే వీళ్ళలో ఎవరూ గుడికి వచ్చేవారు కాదు. ఇంట్లోనే ఇంకా ఒంటరిగా మిగిలేవారు. అందుకే లైవ్ ఉంచి, వరుసగా మూడు ఆదివారాలు కనిపించనివాళ్ళ ఇంటికి ఏరియా పెద్ద, స్త్రీల మైత్రి నుంచి ఒకరు కలిసి వెళ్ళాలని నిర్ణయించాం. ఫోన్ చేసి “ఎందుకు రాలేదు?” అని నిలదీయకూడదు. వెళ్ళాలి, కూర్చోవాలి, ప్రార్థన చేయాలి. నడవలేని పెద్దల కోసం ఆదివారం ఉదయం ఆటో మాట్లాడాం. ఆ ఖర్చు పరామర్శ నిధి నుంచి ఇస్తున్నాం.

లైవ్ తీసే పద్ధతి కూడా మార్చాం. ఇళ్ళలో ఉన్న పెద్దలు అడిగిన మొదటి మాట, “మాకు కీబోర్డు, కాయిర్ తప్ప సంఘం పాట వినపడటం లేదు” అని. వాళ్ళకు కావలసింది ఆ వందల గొంతుల్లో తమవాళ్ళ గొంతు. అందుకని గుడి మధ్యలో ఇంకో మైకు పెట్టాం. మంచంలో ఉండే ఒక తాతగారు ఇప్పుడు కీర్తనలు కలిసి పాడుతున్నారని ఆయన కోడలు చెప్పింది. చిన్నపిల్లల ముఖాలు దగ్గరగా చూపించకూడదని కెమెరా చూసే తమ్ముళ్ళకు చెప్పాం. సాక్ష్యాలు చెప్పేవారిని ముందే అడుగుతున్నాం. వద్దంటే ఆ భాగం లైవ్‌లో వెళ్ళదు.

సంస్కారపు ఆరాధన, అంటే ప్రభు భోజనం, గురించి ఎక్కువ చర్చ జరిగింది. ఇంట్లో రొట్టె, ద్రాక్షారసం పెట్టుకుని లైవ్ చూస్తూ తీసుకోవచ్చా అని కొందరు అడిగారు. వాళ్ళ ఆకలిని తక్కువ చేయను. అయితే కొరింథు సంఘానికి పౌలు చెప్పింది, భోజనం చేయడానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు కనిపెట్టుకోవాలని. 2023 మేలో వాటికన్ సమాచార విభాగం సోషల్ మీడియా గురించి విడుదల చేసిన పత్రంలో కూడా తెర ద్వారా కలిసి భోజనం చేయలేమన్న మాట ఉంది. మనం వేరే శాఖవాళ్ళమైనా ఆ మాట మనకూ సరిపోతుంది. కాబట్టి సంస్కారపు ఆదివారం మధ్యాహ్నం అయ్యగారు, ఇద్దరు పెద్దలు రొట్టె, పాత్ర తీసుకుని మంచం పట్టినవారి ఇళ్ళకే వెళ్తున్నారు. వీలైతే ఇరుగుపొరుగున ఉన్న మన కుటుంబాలు కూడా అక్కడికి వస్తున్నాయి. ఈ ఏడాది నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన పని ఇదే.

ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమదినాల్లో బైబిలు స్టడీకి పత్రికలనే, అంటే అపొస్తలులు సంఘాలకు రాసిన ఉత్తరాలనే తీసుకున్నాం. ఆ రోజుల్లో దూరంగా ఉన్న సంఘంతో మాట్లాడే సాధనం ఉత్తరమే. పౌలు దాన్ని బాగా వాడుకున్నాడు. కొలొస్సయి వాళ్ళకు రాసినది లవొదికయలోనూ చదివించమన్నాడు. అయితే ఉత్తరం ఒంటరిగా వెళ్ళలేదు. కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబేను చేర్చుకోమని రోమా సంఘానికి రాశాడు. తన సంగతులన్నీ తుకికు వచ్చి చెబుతాడన్నాడు. థెస్సలొనీకయ వాళ్ళ ముఖం చూడాలని రాత్రింబగళ్ళు ప్రార్థించాడు. యోహాను అయితే రాయాల్సినవి చాలా ఉన్నా కాగితంతో, సిరాతో వద్దు, వచ్చి ముఖాముఖిగా మాట్లాడతానన్నాడు. ఈ పాఠాల తర్వాతే మన యవ్వనస్తులు ఒక మంచి పని మొదలుపెట్టారు. అది ఇప్పుడు చెబుతాను.

గల్ఫ్‌లో ఉన్న మన ఆడబిడ్డలు

కువైట్‌లో, మస్కట్‌లో ఇళ్ళలో పనిచేసే మన చెల్లెళ్ళు ఉన్నారు. అక్కడ సెలవు శుక్రవారం. మన ఆదివారం వాళ్ళకు పనిరోజు. చాలామందికి యజమాని ఇల్లు దాటి బయటికి వెళ్ళే వీలుండదు. మన ఆరాధన మొదలయ్యేసరికి కువైట్‌లో ఇంకా తెల్లవారి ఎంతోసేపు కాదు, రెండున్నర గంటలు వెనక. అందుకే గురువారం రాత్రి, వాళ్ళ గిన్నెలు కడగడం అయ్యాక, జూమ్‌లో చిన్న ప్రార్థన కూడిక పెట్టాం. వీడియో పెట్టమని ఎవరినీ బలవంతం చేయం. ఒక్కోసారి వాళ్ళు మాట్లాడకుండా వింటూనే నిద్రపోతారు. అలా నిద్రపోయినా మాకు సంతోషమే.

యవ్వనస్తులు చేసిందేమిటంటే, ఆ చెల్లెళ్ళ ఇళ్ళను పంచుకున్నారు. ఇక్కడ అమ్మమ్మ దగ్గర పెరుగుతున్న పిల్లల దగ్గరికి వెళ్తారు, హోంవర్క్ చూస్తారు, అమ్మమ్మకు బి.పి. మాత్రలు తెచ్చిస్తారు, అక్కడి నుంచే వాళ్ళమ్మకు వీడియో కాల్ కలుపుతారు. ఇద్దరి మధ్య ఒక మనిషి కూర్చుని ఉంటే ఆ కాల్ వేరుగా ఉంటుందని వాళ్ళమ్మలు చెబుతున్నారు.

గ్రూపులు, ప్రార్థన మనవులు, కానుకలు

సంఘం గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయాలు, ఫార్వర్డ్ వీడియోల మధ్య మరణవార్త కూడా కొట్టుకుపోతోంది. అందుకని ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా మార్చాం. మాట్లాడుకోవడానికి ఏరియా గ్రూపులు ఉన్నాయి. మరణం, ఆసుపత్రి, రక్తం అవసరం వంటివి గ్రూపులో పెట్టినా, ఫోన్ లేని ఇళ్ళకు మనిషి వెళ్ళి చెప్పాలి. గుడి గంట మానలేదు, మానం కూడా.

ప్రార్థన మనవుల విషయంలో గట్టిగా ఉండమని కోరుతున్నాను. ఒకరి జబ్బు, ఒకరి ఇంటి గొడవ, పెళ్ళి కావలసిన అమ్మాయి స్కానింగ్ రిపోర్టు గ్రూపులో పడితే సాయంత్రానికి బంధువులందరి దగ్గరకూ వెళ్తుంది. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం రాకపోయినా మన సాటివారి గుట్టు కాపాడటం మన బాధ్యత. ఇక మీదట ఆ మనిషి ఒప్పుకుంటేనే పేరు పెడతాం. లేదంటే “మన సహోదరి కోసం” అంటే చాలు. మిగతాది అయ్యగారికి, ప్రార్థన బృందానికి నోటితో చెప్పండి.

కానుకల పెట్టె పక్కన క్యూఆర్ కోడ్ పెట్టాం. ఆరాధన మధ్యలో తెర మీద మాత్రం చూపించం. పిల్లలు సంచిలో పది రూపాయలు వేయడం మానకూడదని సండే స్కూల్ టీచర్లు అడిగారు, ఆ మాట నిజం. అయ్యగారి ఫోటో పెట్టి, కొత్త నంబరు నుంచి “అర్జెంటుగా డబ్బు పంపండి” అని వచ్చే మెసేజ్‌లు నమ్మొద్దు. అయ్యగారు మెసేజ్‌లో డబ్బు అడగరు. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇతర కార్యక్రమాలు

పిల్లల వేసవి బైబిలు తరగతులు (వి.బి.ఎస్.), కోత పండుగ, సెమీ క్రిస్మస్, వాచ్ నైట్ ఎప్పటిలాగే జరిగాయి. క్యారల్స్‌కు వరద వచ్చిన వీధులకే ముందు వెళ్ళాం. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చికి పోయిన డిసెంబర్‌లో నూరేళ్ళు నిండాయి. ఆ తర్వాత యవ్వనస్తులు అక్కడికి కలిసి వెళ్ళొచ్చారు. కరువు కాలంలో ఆ కట్టడం పనిచ్చి ఎంతోమందికి అన్నం పెట్టిందన్న సంగతి వీడియోల్లో విన్నవాళ్ళే. ఆ నేల మీద నిలబడి వచ్చాక సండే స్కూల్ పిల్లలకు వాళ్ళే ఆ కథ చెప్పారు.

వచ్చే ఏడాదికి

కమిటీ నాలుగు ప్రతిపాదనలు మీ ఆమోదానికి పెడుతోంది. ఇంటి రిజిస్టర్‌ను ఏటా వానాకాలానికి ముందు సరిచూడాలి. పెద్దలకు ఫోన్ వాడటం నేర్పే తరగతి శనివారాల్లో సండే స్కూల్ గదిలో పెట్టాలి, నేర్పేది ఇంటర్, డిగ్రీ పిల్లలు. గృహ ప్రార్థనలను జూమ్‌కు మార్చమన్న వినతిని కమిటీ ఒప్పుకోలేదు. అవి ఇళ్ళలోనే జరగాలి, అయితే సమయం ఉద్యోగస్తులకు వీలుగా రాత్రి ఎనిమిదికి మార్చాలి. చివరిది, మూడు ఏరియాల్లో పరామర్శకు మనుషులు చాలడం లేదు. వారానికి ఒక సాయంత్రం ఇవ్వగలిగినవారు సమావేశం అయ్యాక స్త్రీల మైత్రి బల్ల దగ్గర పేరు రాయించండి. లైవ్‌లో వింటున్నవారు చర్చి ఆఫీసుకు ఫోన్ చేస్తే చాలు, మేమే మీ ఇంటికి వస్తాం.

కార్యదర్శి,
పాస్టరేట్ కమిటీ తరఫున