చెరువులో పోసేది దెబ్బ మీద పోయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ముందుగా మీరంతా వాట్సాప్ గ్రూపుల్లో మాట్లాడుకుంటున్న సంగతే చెప్తాను. మన బడిలో ఏ పిల్లాడి మీదా ఎవరూ యాసిడ్ పోయలేదు. పోయిన మంగళవారం భోజనాలయ్యాక ఏడో తరగతి బాబు ఒకడు కబడ్డీ ఆడుతూ పడ్డాడు, మోకాలు దోక్కుపోయింది. వాడి స్నేహితుడు సాయం చేద్దామని బ్యాగులోంచి కూల్‌డ్రింకు సీసా తీసి అందులో ఉన్నది దెబ్బ మీద పోశాడు. పోసిన చోట చర్మం చూస్తుండగానే సున్నం రాసినట్టు తెల్లబడిపోయింది, పోసినవాడి రెండు వేళ్ళు కూడా. "మా ఇంట్లో దెబ్బలకి ఇదే పోస్తారు మేడం, నురగొస్తే క్రిములు చచ్చినట్టే అంటారు" అని వాడు ఏడుస్తూ చెప్పాడు. సీసాలో ఉన్నది హైడ్రోజన్ పెరాక్సైడే. కాకపోతే మెడికల్ షాపుది కాదు, రొయ్యల చెరువులో తెల్లవారుజామున డీవో, అంటే నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్, పడిపోయినప్పుడు పోసే క్యానులోది.

ఇద్దరినీ వెంటనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళాం, డాక్టరు గారు చూశారు, శుక్రవారం నుంచి ఇద్దరూ బడికి వస్తున్నారు. పోసిన బాబుని ఎవరూ ఒక్క మాట అనొద్దు. వాడు ఇంట్లో చూసిందే చేశాడు.

ఆ రోజు మా అందరికంటే ముందు కదిలింది ఎనిమిదో తరగతి అమ్మాయి. పేరు రాయను, ఊరంతటికీ తెలుసు. ఒకరు పసుపు అంటుంటే, ఇంకొకరు కొబ్బరినూనె అంటుంటే ఆ పిల్ల ఎవరి మాటా వినకుండా ఆ బాబుని వరండా కుళాయి దగ్గరికి లాక్కెళ్ళి మోకాలి మీద నీళ్ళు వదిలి, మేము పరిగెత్తుకుంటూ వెళ్ళేదాకా చెయ్యి తియ్యలేదు. సీసా మూత బిగించి టీచరు చేతికి ఇచ్చింది కూడా తనే, డాక్టరు గారికి చూపించాలి కదా అని. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇప్పుడు అసలు విషయం. పేరు ఒకటే అయినంత మాత్రాన మందు ఒకటే కాదు. చెరువుల కోసం వచ్చేది 35 శాతం, 50 శాతం ఉంటుంది, అది ఒంటి మీద పడితే కాలుతుంది, కంట్లో పడితే చూపే పోవచ్చు. మెడికల్ షాపులో దొరికేది 3 శాతం గానీ 6 శాతం గానీ. 6 శాతం సీసా మీద 20 వాల్యూమ్ అని రాసి ఉంటుంది, దానికి సమానంగా కాచి చల్లార్చిన నీళ్ళు కలిపితే 3 శాతం అవుతుంది. చర్మం మీద 3 శాతం దాటకూడదు. చెరువు మందులో నీళ్ళు కలిపి ఇంట్లో మందు తయారు చేద్దామని మాత్రం దయచేసి ఎవరూ అనుకోవద్దు.

ఆ 3 శాతం కూడా పైపైన గీరుకున్న దెబ్బకి మొదటిసారి మట్టి వదలడానికి ఒక్కసారి చాలు. రోజూ పొద్దునా సాయంత్రం పోస్తే క్రిములతో పాటు కొత్తగా పుట్టే చర్మం కూడా దెబ్బతిని గాయం మానడం ఆలస్యమవుతుంది. మేకు దిగినా, చేప ముల్లు గుచ్చుకున్నా ఆ లోతు గాయంలో అసలు పోయకూడదు, లోపల పుట్టే గ్యాసు రక్తంలోకి వెళ్ళే ప్రమాదం ఉంది. చీము కారే చెవిలోనూ వద్దు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, నోరు కడిగించి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

మరి నురగ మాటేమిటి? బుధవారం మా తొమ్మిదో తరగతి పిల్లలు ల్యాబులో పచ్చి బంగాళాదుంప ముక్క మీద 3 శాతం పెరాక్సైడ్ చుక్కలు వేశారు, బుసబుసా పొంగింది. ఉడికించిన ముక్క మీద వేస్తే చుక్క చుక్కలాగే ఉండిపోయింది. పచ్చిదాంట్లో కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది, అది పెరాక్సైడ్‌ని నీళ్ళుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. ఉడికితే ఆ ఎంజైము పాడైపోతుంది. మన రక్తంలోనూ అదే ఉంది. "అంటే క్రిములు లేకపోయినా నురగొస్తుందన్నమాట" అని వెనక బెంచీ అబ్బాయి ఒకడు తనంతట తనే తేల్చాడు. ఇన్నాళ్ళూ నోరు విప్పని పిల్లాడు!

నేను ఈ బడికి వచ్చిన రోజు నుంచీ పోరేది ఒక్కటే, కుళాయి, సబ్బు. దాతలు ముఖద్వారం కట్టిస్తామంటే నేను కుళాయిలు అడిగాను, సబ్బుముక్కలు వల సంచుల్లో వేలాడదీయించాను. గోదావరి కాలవల పక్కన పుట్టి పెరిగిన పిల్లలకి దెబ్బ కడుక్కోవడానికి ధారగా పడే శుభ్రమైన నీళ్ళు లేవంటే నేను ఒప్పుకోను. పారే నీళ్ళు, సబ్బు, ఆ తర్వాత శుభ్రమైన గుడ్డ. చిన్న దెబ్బలకి ఇంతకంటే పెద్ద మందు అక్కర్లేదు. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో కడిగి, ఆ రోజే టీకాకి వెళ్ళండి.

మీరంతా పిల్లల కోసం ఎంత కష్టపడతారో నాకు తెలుసు, అందుకే చనువుగా అడుగుతున్నాను. చెరువు మందు కూల్‌డ్రింకు సీసాల్లో ఎందుకు పోస్తున్నాం? దప్పికేసిన పిల్లాడు లేబుల్ చదవడు, చదవడానికి లేబులూ ఉండదు. పైగా బిగించిన మూత కింద గ్యాసు పోగై సీసా పగలొచ్చు. ఆ క్యాను చెరువు దగ్గర షెడ్డులోనే తాళం వేసి ఉంచండి. దెబ్బ మీద టూత్‌పేస్టు, కాఫీపొడి పూసి పంపడం కూడా ఆపాలి, అవి కడగడానికే మా టీచర్లకి సగం పీరియడు పోతోంది. ఇంకోటి, గ్రూపులో ఆడియో పెట్టేముందు ఒక్కసారి బడికి ఫోను చేయండి. మంగళవారం మేము ఆ బాబు ఇంటికి నాలుగుసార్లు చేశాం, ఎవరూ ఎత్తలేదు.

మార్కుల కార్డులు శనివారం ఇస్తాం, సంతకం చేసి సోమవారం పంపండి. పదేళ్ళు, పదహారేళ్ళు నిండిన పిల్లలకి టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసే) ఇంజక్షన్ వేయించారో లేదో ఆ కార్డు వెనక రాయండి, ఖాళీగా వదలొద్దు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు