దుబాయ్‌కి రెండున్నర గంటలా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో హైదరాబాద్–దుబాయ్ ప్రయాణం మీద మీరు వేసిన వార్తకు ఈపాటికి సవరణ వస్తుందనుకున్నాం. అతీగతీ లేదు.

శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 1,375 కిలోమీటర్లట. ఢిల్లీకే 1,250 దాటుతుంది కదా, ఇంకో నూటపాతిక వెళ్తే దుబాయ్ వచ్చేస్తుందా? అవి నాటికల్ మైళ్లు మహాప్రభో! ఒక్కోటి 1.852 కిలోమీటర్లు. హెచ్చించి చూడండి, దాదాపు 2,550 వస్తుంది.

సమయం సంగతి మరీ దారుణం. వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి ఐదు అని రాశారు. టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే ఉంటుంది. దుబాయ్ మనకన్నా గంటన్నర వెనక. ఉదయం 10.00కి ఇక్కడ బయల్దేరి అక్కడి టైమ్ 12.30కి దిగితే, గంటన్నర కలపాలి: నాలుగు గంటలు. రాత్రి 10.00కి అక్కడ ఎక్కి ఇక్కడ తెల్లవారుజామున 3.00కి దిగితే, గంటన్నర తీసేయాలి: మూడున్నర. అందులోనూ రన్‌వే దాకా పాకడం, దిగాక గేటు చేరడం కలిసే ఉంటాయి. పైగా తిరుగు ప్రయాణం ఆలస్యానికి ఎదురుగాలి కారణమని ఓ శాస్త్రీయ వివరణ! చలికాలంలో ఆ ఎత్తున గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది. అది ఎదురయ్యేది వెళ్లేటప్పుడు. వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది.

దీన్ని చిన్న పొరపాటు అనకండి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి పనికి పోయేవాళ్లకు మీరు చెప్పాల్సింది వేరే ఉంది. టికెట్ మీద 15వ తేదీ 00.40 అని ఉంటే 14 రాత్రే శంషాబాద్‌లో ఉండాలి. 15 రాత్రి వెళ్తే విమానమూ లేదు, డబ్బూ లేదు. మూడు గంటల ముందు చేరాలి. సాధారణంగా గంట ముందే కౌంటర్ మూసేస్తారు. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్టు మీద పనికి వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి పోవడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి, లేకపోతే ఇమిగ్రేషన్ దగ్గరే ఆపేస్తారు. 'దుబాయ్ టికెట్' అని ఏజెంటు చేతిలో పెట్టింది షార్జాది కావచ్చు, అక్కణ్నుంచి రోడ్డు మీద ట్రాఫిక్ వేరే. ఇవేవీ వార్తలో లేవు. బుర్జ్ ఖలీఫా ఫొటో మాత్రం అరపేజీ ఉంది.

జగిత్యాల నుంచి శంషాబాద్ చేరడానికే ఇంచుమించు విమానంలో కూర్చున్నంత సేపు పడుతుంది. మాకు దగ్గర్లో, నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లిలో ఎయిర్‌పోర్టు, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్‌లో ఎయిర్‌పోర్టు అని ఏళ్ల తరబడి వింటున్నాం. స్థలం చూశారు, సర్వే చేశారు, ఫొటోలు దిగారు. నాయకులు చెప్పే దూరాలూ గడువులూ కూడా మీ విలేఖరి లెక్కలాగే ఉంటాయి, వాటిని మీరు అక్షరం మార్చకుండా అచ్చేస్తారు.

సవరణ వేసేటప్పుడు పదో పేజీలో మూలన కాకుండా, ఆ వార్త వచ్చిన చోటే వేయండి.

– ఓ పాఠకుడు, జగిత్యాల