వాగ్దానపు కార్డు తీసిన మర్నాడు

సంపాదకులకు వందనాలు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక మా క్రైస్తవ సంఘాల్లో, కొత్త ఏడాదికని బైబిలు వాక్యం రాసిన వాగ్దానపు కార్డులు ఇస్తారు. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఇంటికొకటి తీసుకుని, బీరువా తలుపుకో ఆటో అద్దానికో అంటించుకుంటారు. నా టిఫిన్ బండి గాజుపెట్టెకూ ఒకటి ఉంది. ఆ వాక్యం చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది. కానీ ఈ మధ్య కార్డు తీయడంతోనే ఏడాదికి సరిపడా ప్రార్థన అయిపోయినట్టు చాలామంది మాట్లాడుతున్నారు. "మాకు ఆశీర్వాదం వచ్చింది" అని ఒకరు సంబరపడతారు. "మాకు హెచ్చరిక వచ్చింది, ఇంకోటి తీసుకోవచ్చా" అని మరొకరు అడుగుతారు. దేవుని వాక్యాన్ని జాతకంలా చూసుకోవడం నా మనసుకు కష్టంగా ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నాది ఒంగోలు. మా ఆయన పోయిన దగ్గర నుంచి ఇడ్లీ, పునుగుల బండి మీదే ఇల్లు గడుస్తోంది. పొయ్యి వెలిగించే ముందు ప్రభువు నేర్పిన ప్రార్థన చేస్తాను. "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అన్న చోట ప్రతిరోజూ ఒక్క క్షణం ఆగుతాను. అందులో అడిగింది ఆ ఒక్క రోజుకే. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు ఆకాశం నుంచి పంపిన ఆహారం, మన్నా కూడా ఏ రోజుకారోజే కురిసింది. మర్నాటికని దాచినది పురుగు పట్టింది.

అయితే రాత్రి పప్పు నానబెట్టేటప్పుడు రేపటి లెక్క వేయక తప్పదు. రేపు ఆదివారమా, అడ్డా మీదికి కూలీలు వస్తారా, వాన పడేలా ఉందా అని చూసుకోవాలి. ఎక్కువ రుబ్బితే పిండి పులిసిపోతుంది. తక్కువైతే ఆకలితో వచ్చినవాళ్లు వెనక్కి పోతారు. అవన్నీ ఆలోచించి, పప్పు కడిగి, నీళ్లు పోసి, మూతపెట్టాక ప్రార్థన చేసుకుంటాను. "రేపటినిగూర్చి చింతింపకుడి" అని ప్రభువు అన్నది పప్పు నానబెట్టవద్దని కాదు, నానబెట్టి నిశ్చింతగా పడుకోమని. నేను అర్థం చేసుకున్నది ఇదే.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా వీధి నిండా నీళ్లు. పిండి అప్పటికే సిద్ధంగా ఉంది, కొనేవాళ్లు లేరు. ఉన్నదంతా ఇడ్లీ వేసి, వెనక లైన్లో రేకుల ఇళ్లవాళ్లకు పంచాను. ఆ రోజు ఏ అద్భుతమూ జరగలేదు. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఆ వారం గ్యాసు బండకు మా డ్వాక్రా సంఘంలో ఒకామె దగ్గర చేబదులు తీసుకున్నాను. గుడిలో దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఇలాంటి రోజుల గురించి ఎవరూ చెప్పరు, కానీ చెప్పాలి. అడిగింది అందిన రోజున నమ్మకం ఎవరికైనా ఉంటుంది. నష్టపోయిన నాటి రాత్రి మళ్లీ పప్పు నానబెట్టడానికే దేవుని బలం కావాలి. నాకు ఆయన ఆ బలం ఇచ్చాడు.

ప్రభువు నేర్పిన ఆ ప్రార్థనలోనే తర్వాతి మాట ఇంకా కష్టం. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అంటాం. నా బండికి అరువు పుస్తకం ఉంది, అందులో నా ఋణస్థుల పేర్లన్నీ ఉన్నాయి. ఒక తాపీమేస్త్రి చాలా రోజులు అరువు తిని కనిపించకుండా పోయాడు. తర్వాత తెలిసింది, పరంజా మీద నుంచి పడి నడుము దెబ్బతిందని. ఆయన పేజీ మీద అడ్డంగా గీత కొట్టి, పని దొరికాక కొత్త పేజీ మొదలుపెడదామని భార్యతో కబురు పంపాను. ఇది గొప్ప పనేమీ కాదు. పొద్దున నోటితో అన్న మాటను మధ్యాహ్నం చేత్తో చేయాలి కదా.

మా ఊరి చరిత్రలోనే దీనికి పెద్ద సాక్ష్యం ఉంది. 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండెక్కి, ఈ ప్రాంతానికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా జాన్ క్లౌ దొర వచ్చి ఇక్కడ కాపురం పెట్టింది 1866లో. పన్నెండేళ్లు ఎదురుచూశారు. 1876-78 కరువు వచ్చినప్పుడు క్లౌ దొర ప్రార్థన చేసి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. మగవాళ్లు తవ్వారు, ఆడవాళ్లు గంపలతో మట్టి మోశారు, బోధకులు దగ్గరుండి పని చేయించారు. కూలి కోసం మతంలో చేరారన్న మాట రాకూడదని, కరువు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మా సంఘాల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ మట్టి గంపల గురించి కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి.

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. మా వీధిలో ఒక పెద్దావిడకు ఏళ్లుగా షుగరు వ్యాధి ఉంది. ఒక స్వస్థత కూటానికి వెళ్లి వచ్చి మాత్రలు మానేసింది. మాత్ర వేసుకుంటే అవిశ్వాసమని అక్కడ ఎవరో చెప్పారట. కాలికి చిన్న పుండు పడింది, అది ముదిరి చివరికి వేలు తీసేశారు. ఆవిడ పక్కన కూర్చుని కట్టు మార్చుతుంటే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. బైబిల్లో హిజ్కియా రాజు జబ్బుపడి చావుకు దగ్గరైనప్పుడు కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానన్నాడు. అప్పుడు కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. మన బైబిల్లోనే ఇన్ని ఉండగా, మందు మానితేనే నమ్మకమని చెప్పేవాళ్లకు ఎదురు చెప్పడానికి మన పెద్దలు ఎందుకు మొహమాటపడుతున్నారు?

పాస్టర్లకు, సంఘ పెద్దలకు నా మనవి. స్వస్థత కోసం ప్రార్థన చేయండి, నేనూ మోకరిస్తాను. కానీ అదే మైకులో, డాక్టరు చెప్పకుండా ఒక్క మాత్ర కూడా మానవద్దని చెప్పండి. సాక్ష్యాల సమయంలో జబ్బు తగ్గినవాళ్లతో పాటు, తగ్గకపోయినా మందులు వాడుతూ, పనికి వెళుతూ, ప్రార్థన మానకుండా ఉన్నవాళ్లను కూడా నిలబెట్టండి. మా పాస్టరుగారికి ఈ విషయం చెప్పాను. వచ్చే ఆదివారం ప్రకటనలతో పాటు చెబుతానన్నారు. మిగతా సంఘాల్లో కూడా చెబితే, మందులు మానేసి ఇంట్లో కూర్చున్నవాళ్లు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల చెవిన పడుతుంది.

ఇట్లు,
ఒక టిఫిన్ బండి యజమానురాలు,
ఒంగోలు