కోసేముందే నడిపించండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట మీ ఆరోగ్యం పేజీలో మూత్రాశయం, కిడ్నీ, ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్లకు ముందు రోగులతో చేయించాల్సిన వ్యాయామాల గురించి వేశారు. చదివిన రోజే రాద్దామనుకుని, కోపం చల్లారాక రాద్దామని ఆగాను. ఇన్నాళ్ళయినా చల్లారలేదు. కోపం మీ మీద కాదు. ఈ నాలుగు ముక్కలూ పోయిన ఏడాది మాకు ఎవరూ చెప్పలేదే అని.

మాది కొండపి వైపు పల్లె. మా నాయనకు 66 ఏళ్ళు. నలభై ఏళ్ళు పొగాకు పండించాడు, అన్నేళ్ళూ చుట్ట తాగాడు. మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకుని సబ్జా నీళ్ళు తాగుతూ నెలలు గడిపాడు. చివరికి మూత్రాశయం క్యాన్సరన్నారు. ముందు కీమో ఇచ్చి, తర్వాత మూత్రాశయం తీసేసి, పేగు ముక్కతో మూత్రానికి దారి చేసి పొట్ట మీద సంచి పెడతామన్నారు. ఆపరేషన్ రోజు వచ్చేసరికి మూడున్నర నెలలు పట్టింది.

ఆ మూడున్నర నెలలూ నాయన్ని మంచం దిగనివ్వలేదు. దిగనివ్వనిది మేమే. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ 'ఒళ్ళు అలవనివ్వకండి' అని చెప్పిపోయేవాళ్ళు. ఆసుపత్రిలోనూ నడిపించమని ఎవరూ అనలేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లో పైకంటా ఎక్కి ఆకు కట్టిన కర్రలు వేలాడదీసిన మనిషి, కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. నడుం చిక్కి లుంగీ నిలిచేది కాదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండో రోజు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మూడు బంతుల ప్లాస్టిక్ డబ్బా చేతికిచ్చి, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి గట్టిగా లోపలికి పీల్చమంది. పొట్ట నిండా కుట్లు. మొదటి బంతి కాస్త లేచి పడిపోయింది, మిగతా రెండూ కదల్లేదు. 'ఇదేదో ముందే ఇచ్చుంటే ఇంటి దగ్గర నేర్చుకునేవాణ్ణి గదరా' అన్నాడు నాయన. నాలుగో రోజుకు నెమ్ము చేసింది. 23 రోజులకు ఇల్లు చేరాం. ఆ డబ్బా మందుల షాపులో కొన్ని వందలకే దొరుకుతుంది.

ముందు చేయించాల్సినవి పెద్ద పెద్ద మిషన్లతో పనేమీ కాదు. ఆపరేషన్‌కు నాలుగు నుంచి ఆరు వారాల ముందు నుంచి రోజూ అరగంట చురుగ్గా నడవడం, కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం, ఊపిరి వ్యాయామం, గుడ్డూ పప్పూ బాగా తినడం, చుట్టా బీడీ మానేయడం. గుండె జబ్బున్నవాళ్ళకు, క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్ళకు ఎంతవరకు చేయొచ్చో డాక్టరే చెప్పాలి. వ్యాయామం చేస్తే ఇబ్బందులన్నీ తప్పుతాయని నేననను, నాయనకు నెమ్ము రాకుండా ఉండేదనీ అనను. ఒంట్లో సత్తువ, నడిచే ఓపిక పెరుగుతాయన్నది మాత్రం పరిశోధనల్లో తేలిన మాటే. మంచం మీద పడుకోబెట్టి మేం పోగొట్టింది సరిగ్గా ఆ ఓపికనే.

ఇంకో మాట. మూత్రాశయం క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగ తాగడమే కారణం. పొగాకు మీదే బతికే మా ప్రాంతంలో ఈ సంగతి ఎంతమందికి తెలుసు? వేలంకేంద్రాల్లో బేలు ధర గురించి మాట్లాడని పూట ఉండదు. మూత్రంలో ఒక్కసారి రక్తం కనిపించినా, నొప్పి లేకపోయినా సరే వెంటనే చూపించుకోవాలన్న బోర్డు నేనెక్కడా చూడలేదు.

డాక్టర్లను నేను తప్పుపట్టను. ఓపీలో ఒక్కో మనిషికి రెండు నిమిషాలు దొరికితే ఎక్కువ. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ పథకం కింద వెళ్ళింది, ఆ సాయం మరచిపోం. కానీ లక్షలు ఖర్చుపెట్టి ఆపరేషన్ చేయించే ప్రభుత్వం, దానికి మనిషిని సిద్ధం చేసే బాధ్యత ఎవరిదో కూడా చెప్పాలి కదా! 2025 జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మందితో యోగా చేయించిన యంత్రాంగం మనది. అంతమందిని కూడగట్టినవాళ్ళకు జిల్లాకొక పెద్దాసుపత్రిలో ఒక గది, నాలుగు కుర్చీలు, ఒక ఫిజియోథెరపిస్టు, తెలుగులో ఒక కరపత్రం భారమా? పార్కుల్లో జిమ్ పరికరాలు పెట్టి, ప్రారంభోత్సవం చేసి, తుప్పు పట్టాక వదిలేస్తున్నారు. ఆ డబ్బులో చిన్న వంతు సరిపోతుంది దీనికి.

మా వీధిలోనే ఒక పెద్దాయనకు వచ్చే నెల ప్రోస్టేట్ ఆపరేషన్ ఉంది. మీ పేజీ కత్తిరించి తీసుకెళ్ళి ఇచ్చాను. మూత్రం ఆపుకోవడానికి బిగించే కండరాలకు ముందు నుంచే వ్యాయామం నేర్చుకుంటే ఆపరేషనయ్యాక తొలి నెలల్లో బట్టలు తడిచే బాధ తగ్గుతుందని చదివి వినిపించాను. ఆయన వెళ్ళి ఆసుపత్రిలో అడిగాడు. 'అవన్నీ ఆపరేషనయ్యాక చూద్దాంలే' అని పంపించేశారట.

— ఒక పొగాకు రైతు కొడుకు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా